పిలిచే సందు

చీకటి పడ్డాక ఆ సందు మనుషుల్ని పిలుస్తుందని చెప్పుకునేవాళ్ళు.

రాళ్ళకొండ నడిమధ్యన రెండు బండలు. ఒక్కోటి మూడంతస్తుల మేడంత ఉంటుంది. వాటి మధ్య మనిషి పక్కకి తిరిగితేనే పట్టేంత దారి. పగటిపూట చూస్తే ఏముందక్కడ? కాస్త నీడ, గబ్బిలాల కంపు, ఎవరో తాగి పారేసిన సీసా. కానీ పొద్దు గుంకిందంటే మాత్రం లోపల్నుంచి పిలుపు వస్తుందట… ‘ఇటు… ఇటు…’ అని. గట్టిగా కాదు. పిల్లల్ని అన్నానికి పిలిచినట్టు, ఓపిగ్గా.

రాళ్ళు కొట్టేవాడొకడు ఆ పిలుపు విని లోపలికి వెళ్ళాడు. రాలేదు. పక్క ఊరికి అడ్డదారిన బయల్దేరిన ఇంకొకడు వెళ్ళి, తెల్లారేసరికి తిరిగొచ్చాడు. వచ్చాడు గానీ జుట్టంతా ముగ్గుబుట్ట.

కొండ కింద గెస్టుహౌసు వాచ్‌మన్ తాళాలిస్తూ ఈ సంగతులు చెబుతుంటే, క్లబ్బు వాళ్ళు పన్నెండుమందీ నోళ్ళు వెళ్ళబెట్టుకుని విన్నారు. ఒక్కడు మాత్రం పకపకా నవ్వాడు.

“జుట్టు నెరవడానికి సందు దాకా ఎందుకయ్యా? మా ఆఫీసులో పదేళ్ళు పనిచేస్తే చాలు!”

అతన్ని అందరూ పటాలాయన అనేవాళ్ళు. భూముల ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం, ఇరవైమూడేళ్ళ సర్వీసు. మనిషి మంచివాడే గానీ, నోట్లోంచి వెటకారం లేకుండా ఒక్క మాట రాదు. టీ బాగుందంటే టీని వెక్కిరిస్తాడు, బాగాలేదంటే బాగుందన్నవాణ్ణి వెక్కిరిస్తాడు.

“ఈ కొండని గీసింది నేను,” అన్నాడు వాచ్‌మన్ భుజం తట్టి. “ఇక్కడున్న ప్రతి బండకీ నా పెన్ను తగిలింది. నా పటంలో చెట్టుకో గుర్తుంది, గుంటకో గుర్తుంది. దెయ్యానికి గుర్తు లేదు.”

నిజమే. గీసింది అతనే. విమానం నుంచి తీసిన ఫోటోలు ముందేసుకుని, ఫ్యాను కింద కూర్చుని గీశాడు. ఆ కొండ మీద కాలు పెట్టడం మాత్రం ఇదే మొదలు.

ఈ క్లబ్బు అతని బావది. బావ పళ్ళ డాక్టరు. ఏడాదికో పిచ్చి పట్టుకుంటుంది ఆయనకి. ఒక ఏడాది సైకిళ్ళు, ఒక ఏడాది దుర్భిణీ పెట్టుకుని పిట్టల్ని చూడటం, ఒక ఏడాది తెల్లారగట్ట చన్నీళ్ళలో మునగడం. ఈ ఏడాది ఓరియెంటీరింగ్. అంటే మరేం లేదు… కొండా కోనల్లో అక్కడొకటి ఇక్కడొకటి జెండాలు కడతారు. చేతికో పటం, దిక్సూచి ఇస్తారు. వాటిని పట్టుకుని ఎవరికి వాళ్ళు జెండాలు వెతుక్కుంటూ పరుగెత్తాలి. జెండా దగ్గరున్న మిషనుతో కార్డుకి చిల్లు పొడుచుకోవాలి. అన్ని చిల్లులూ ముందుగా ఎవరు తెస్తే వాళ్ళు గెలిచినట్టు.

“కార్డుకి చిల్లు పొడవడానికి కొండెక్కాలా బావా? నీ క్లినిక్కులో పళ్ళకి పొడుస్తూనే ఉన్నావుగా,” అన్నాడు పటాలాయన మొదటిరోజే. అయినా ఏ పోటీకీ రాకుండా మానలేదు. పటాల పోటీలో పటాలు గీసేవాడు గెలవకపోతే ఎవడు గెలుస్తాడు?

వెక్కిరించడానికి ఆ క్లబ్బులో సరుకు తక్కువేం లేదు. ఒక్కొక్కడి ప్యాంటుకి పన్నెండు జేబులు. వాటిలో పెట్టుకోవడానికి ఒక రుమాలు. ఒకాయన మెడలో రెండు దిక్సూచులు వేలాడేవి. “ఒకటి ఉత్తరం చూపిస్తుంది, రెండోది మొదటిదాన్ని నమ్మొద్దంటుంది,” అనేవాడు పటాలాయన.

ఆ వారం కొత్తగా ఒకామె వచ్చింది. బట్టలు కుట్టే ఆమె. పటాలాయన అక్కకి, అంటే బావ భార్యకి, జాకెట్లన్నీ ఆమే కుడుతుంది. ‘మిషను ముందు కూర్చుని కూర్చుని నీ నడుము పట్టేసింది, రెండ్రోజులు కొండగాలి పీల్చు’ అని అక్కే బలవంతాన బయల్దేరదీసింది. నెమ్మదైన మనిషి. పటం చేతికిస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి, ఆఖరికి అక్షరాలు తలకిందులయ్యేలా పట్టుకుని నిలబడింది.

పటాలాయన ఊరుకుంటాడా?

“ఏమ్మా, తలకిందులుగా పట్టుకుంటే కొండ దిగడం తేలికని ఎవరైనా చెప్పారా?”

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. “లేదన్నయ్యగారూ. నేను వెళ్ళే వైపుకి తిప్పుకున్నాను. బట్ట కత్తిరించేటప్పుడూ ఇంతే… మనం తిరగం, బట్టనే తిప్పుకుంటాం.”

“బట్ట కొలత వేరమ్మా, కొండ కొలత వేరు. నువ్వు మూడో జెండా దాటితే నేను మీసం తీసేస్తా.”

శనివారం సాయంత్రం ఏడింటికి రాత్రి పోటీ. నుదుటికి లైటు, మెడలో ఈల. ఐదేసి నిమిషాల తేడాతో ఒక్కొక్కరే బయల్దేరాలి. చీట్లు తీస్తే పటాలాయన తర్వాత వంతు కుట్టే ఆమెకి వచ్చింది.

బయల్దేరేముందు బావ నియమాలు చదివాడు. ఒకటికి రెండుసార్లు చదివాడు. “దారి తప్పినా, దెబ్బ తగిలినా ఈల ఊదండి. ఎవరైనా సాయానికి పిలిచినట్టు వినపడితే, విన్నవాళ్ళు పోటీ వదిలేసి అటు వెళ్ళాలి. గెలుపు తర్వాత. ఇది మాత్రం ఎవరూ మరిచిపోకూడదు.”

“పన్ను పీకేముందు కూడా ఇలాగే చదువుతావా బావా? అందుకేనా నీ దగ్గరికి వచ్చినవాళ్ళు మళ్ళీ రారు?”

బావ నవ్వలేదు. గడియారం చూసి, “వెళ్ళు,” అన్నాడు.

మొదటి ఐదు జెండాలూ అతనికి మంచినీళ్ళు తాగినంత తేలికయ్యాయి. ఎంతైనా తను గీసిన పటం. రెండు జేబుల నిండా గర్వం, కాళ్ళలో పరుగు. ఆరో జెండా దగ్గర చిల్లు పొడిచి పటం చూశాడు. ఏడో జెండాకి రెండు దార్లు. కొండ వాలు చుట్టూ తిరిగితే ఇరవై నిమిషాలు. నిటారుగా పోతే ఐదు.

నిటారుగా పోయే దారి ఆ సందు పక్కనుంచే.

“చుట్టూ తిరిగేవాళ్ళందరికీ దండం,” అనుకుని నిటారుగా ఎక్కాడు.

ఎక్కుతున్నకొద్దీ గాలి తగ్గింది. కీచురాళ్ళు ఆగిపోయాయి. కాళ్ళ కింద గులకరాళ్ళు జారే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎదురుగా ఆ రెండు బండలు… లైటు వేస్తే సగం దాకానే కనిపిస్తున్నాయి. పైసగం చీకట్లో కలిసిపోయింది.

అతను దాటబోయాడు.

“ఇటు…”

ఆగాడు.

“ఇటు… ఇటు…”

బొంగురు గొంతు. ఆడో మగో తెలీదు. తొందర లేదు దానికి.

పటాలాయనకి ముందు నవ్వొచ్చింది. వాచ్‌మన్! ఇంకెవడు? సాయంత్రం కథ చెప్పాడు, ఇప్పుడు ఆడి చూపిస్తున్నాడు. సందు ముందు నడుం మీద చేతులేసుకుని నిలబడి, కొండ మారుమోగేలా కేకేశాడు.

“ఏవయ్యా, ఓవర్‌టైమా? ఆ గొంతేంటి, మాత్ర మింగలేదా? ఇటు అంటే ఎటు? ఉత్తరమో దక్షిణమో చెప్పు, పటంలో గుర్తు పెడతా! ఇరవైమూడేళ్ళ సర్వీసు నాది, నన్ను భయపెట్టడం మా ఆఫీసరు వల్లే కాలేదు, నీ వల్లవుతుందా?”

లోపల ఏదో విన్నట్టు… నిశ్శబ్దం.

“అయిపోయిందా నాటకం? రా బయటికి.”

రాలేదు. పటాలాయన పక్కకి తిరిగి సందులోకి నాలుగడుగులు వేశాడు. వాణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, కిందికి తీసుకెళ్ళి, అందరి ముందూ నిలబెట్టాలని. లైటు తిప్పాడు. తడి రాయి. ఇంకా తడి రాయి. మనిషి లేడు. మనిషి దాక్కునే చోటూ లేదు.

అప్పుడు వినపడింది. లోపల్నుంచి కాదు. చెవి పక్కన… లైటు తగిలించుకున్న పట్టీకి ఆనుకుని ఉన్నట్టు.

“ఇటు…”

ఆ తర్వాత ఏం చేశాడో అతనికే సరిగ్గా గుర్తులేదు. సందులోంచి ఎలా బయటపడ్డాడో, మోచేతుల చర్మం ఎక్కడ లేచిపోయిందో, దిక్సూచి ఎక్కడ జారిపోయిందో. ఏడో జెండా లేదు, ఎనిమిదో జెండా లేదు. కింద గెస్టుహౌసు దీపాలు కనిపించాయి, వాటివైపు పడుతూ లేస్తూ దొర్లుకుంటూ వచ్చాడు. వరండా మెట్టెక్కబోయే ముందు మాత్రం ఆగి, ఊపిరి సర్దుకుని, చొక్కా దులుపుకుని, కుంటడం మొదలుపెట్టాడు.

“మోకాలు పట్టేసిందే అక్కా. లేకపోతే ఈపాటికి పది జెండాలూ అయిపోయేవి.”

అక్క వేడివేడి టీ గ్లాసు చేతికిచ్చింది. “మోచేతులు గీరుకుపోయాయేంరా?”

“ముళ్ళకంప.”

“ఆ సందు వైపు వెళ్ళావా?”

“వెళ్ళాను. గాడిదగుడ్డేం కాదూ! గాలి కూడా లేదక్కడ.”

ఒక్కొక్కరే వస్తున్నారు. చెమటలు కక్కుతూ, కార్డులు చూపించుకుంటూ. పదయ్యేసరికి అక్క చేతిలో ఉన్న పేర్ల కాగితంలో ఒక్క పేరు పక్కన మాత్రం గీత పడలేదు.

కుట్టే ఆమె రాలేదు.

మరో పావుగంట చూశారు. సన్నగా జల్లు మొదలైంది. బావ పటం బల్ల మీద పరిచాడు. “మనిషి నెమ్మది. మూడో జెండా దగ్గర తప్పిపోయి ఉంటుంది. పడమటి వాలు వెతుకుదాం. తాళ్ళు తీసుకోండి. ఆరుగురు చాలు.”

“ఈల ఊదలేదేం?” అన్నారెవరో.

“ఊదే స్థితిలో ఉందో లేదో…” అని బావ మాట మింగేశాడు.

అక్క మొహం పాలిపోయింది. “పాపం, రానంటే రానంది. నేనే బతిమాలి తెచ్చాను. ఇంట్లో వాళ్ళకి ఏం చెప్పను?” తమ్ముడి వైపు తిరిగింది. “ఒరేయ్, నీ వెనకే కదా బయల్దేరింది. ఎక్కడైనా చూశావా? ఏమైనా వినపడిందా?”

“లేదే.”

నోటికి వచ్చేసింది ఆ మాట. టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. చల్లారిపోయింది.

అతని బుర్రలో లెక్కలు మొదలయ్యాయి. దెయ్యం లేదు. ఉండదు. మరి విన్నదేంటి? మనిషి గొంతు. నా వెనక బయల్దేరింది, సరే, అడ్డంగా వచ్చి ముందే చేరి ఉంటుంది. సందులో ఎక్కడో పడింది. పడి, గొంతు బొంగురుపోయేదాకా ఇటు ఇటు అని పిలిచింది. నేనేం చేశాను? ఎదురుగా నిలబడి వెక్కిరించాను. ఆ తర్వాత…

చెవి పక్కన వినపడటం? బండల మధ్య చప్పుడు ఎక్కడిదో తెలుస్తుందా!

ఇప్పుడు నోరు విప్పితే అందరి ముందూ పరువు పోతుంది. బావ చచ్చేదాకా ప్రతి పెళ్ళిలో, ప్రతి భోజనాల బంతిలో ఈ కథే చెబుతాడు. విప్పకపోతే… ఆరుగురు పడమటి వాలుకి వెళ్తారు. ఆమె సందులో ఉంది. జల్లు పెద్దదవుతోంది.

వెతికేవాళ్ళు మెట్లు దిగుతున్నారు. ఆ ఆఖరి మెట్టు దగ్గర…

“బావా, ఆగు. పడమరకి కాదు.”

అందరూ వెనక్కి తిరిగారు.

“సందు దగ్గర వినపడింది నాకు. ఇటు, ఇటు అని. వెళ్ళి చూడలేదు.” ఒక మెట్టు కిందికి దిగాడు. “చూడకపోవడం కాదు. పారిపోయాను.”

రెండు దిక్సూచుల ఆయన ముందు కిసుక్కుమన్నాడు.

“పారిపోయావా?” అన్నాడు బావ. “నువ్వా? పటంలో గుర్తు లేదన్నావు?”

“వెక్కిరించడానికి రేపు పొద్దున్న మొత్తం నీదే బావా. ఇప్పుడు నడు.”

అక్క తమ్ముణ్ణి ఒక్కసారి చూసింది. ఆ చూపు ముందు మిగతా అందరి నవ్వూ ఏ మూలకి?

కుంటడం మరిచిపోయి అతనే ముందు నడిచాడు. వెనక దారంతా ఎత్తిపొడుపులే. ‘దెయ్యం సారుని గుర్తుపట్టి నమస్కారం పెట్టిందేమో’ అని ఒకడు. ‘మీసం ఎప్పుడు తీస్తున్నారు సార్’ అని ఇంకొకడు. ఒక్కదానికీ అతను జవాబివ్వలేదు. జవాబివ్వకుండా అంత దూరం అతను నడవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

సందు దగ్గరికొచ్చేసరికి అందరి నోళ్ళూ వాటంతటవే మూతపడ్డాయి.

పిలుపు లేదు. జల్లు బండల మీద పడుతున్న చప్పుడు మాత్రం.

“అమ్మా!” అని అరిచాడు పటాలాయన. జవాబు లేదు. మళ్ళీ అరిచాడు. లేదు.

ఎవరూ చెప్పకముందే తాడు నడుముకి కట్టుకుని, పక్కకి తిరిగి లోపలికి దూరాడు. నాలుగడుగులు. అక్కడిదాకా తెలిసిన దారి. ఐదోది, ఆరోది… పదో అడుగు దగ్గర కాలి కింద నేల లేదు. రెండు బండలూ కింద విడిపోయి బావిలాంటి గుంట. అతని పటంలో ఆ గుంటకి గుర్తు లేదు.

అడుగున సన్నగా వెలుగు. పగిలిన లైటు ఇంకా మినుకుమినుకుమంటోంది. దాని పక్కన ఆమె.

“ఉంది! ఊపిరి తీస్తోంది!”

పళ్ళ డాక్టరైనా డాక్టరు డాక్టరే. బావ కిందికి దిగి, తలకి కట్టు కట్టి, విరిగిన కాలికి కర్రలు కట్టి, ఒక్క వృథా మాట లేకుండా పని చేశాడు. బయటికి తీయడానికి గంట పట్టింది. వెంట తెచ్చిన దుప్పటీ, రెండు వాసాలు కలిపి డోలీ కట్టారు. ఇంకో గంట ఆలస్యమైతే చలికే ప్రాణం పోయేదని బావ అన్నాడు. ఆ మాట విన్నాక పటాలాయన తల వైపు వాసం తన భుజానికెత్తుకుని, ఎవరు మారుస్తామన్నా ఇవ్వలేదు.

గండం గడిచిందని తెలిశాక మళ్ళీ నోళ్ళు లేచాయి. “ఇదిగోనయ్యా నీ దెయ్యం!” అన్నాడు బావ ముందు నడుస్తూ. “జాకెట్లు కుట్టే దెయ్యం! రేపు ఆ వాచ్‌మన్‌కి చెప్పాలి. రాళ్ళు కొట్టేవాడూ ఆ గుంటలోనే పడుంటాడు. పిలుపూ లేదు, గిలుపూ లేదు.” అందరూ నవ్వారు. ఆ నవ్వులో భయం కూడా కొట్టుకుపోయింది.

కొండ సగం దిగాక ఆమె కళ్ళు తెరిచింది.

పటాలాయన మొహం ఆమె మొహానికి జానెడు దూరంలో ఉంది. ఇంతకన్నా మంచి సమయం రాదనుకున్నాడు. గొంతు తగ్గించి, మిగతావాళ్ళకి వినపడకుండా అన్నాడు.

“అమ్మా… తప్పు చేశాను. నువ్వు పిలుస్తుంటే పారిపోయాను. క్షమించు.”

ఆమె అర్థం కానట్టు చూసింది. పెదాలు ఎండిపోయాయి. మాట కూడబలుక్కోవడానికి కొంతసేపు పట్టింది.

“నేనెక్కడ పిలిచానన్నయ్యగారూ? పడగానే… తెలివి తప్పింది. ఇదిగో… ఇప్పుడే మెలకువ.”

“మరి సందులోకి ఎందుకు వెళ్ళావమ్మా?”

“మీకోసమే కదా.”

ముందు నడుస్తున్న బావ ఏదో అన్నాడు. ఎవరో నవ్వారు.

“నేనొచ్చేసరికి… సందు దగ్గర ఎవరూ లేరు. లోపల్నుంచి మీరే పిలుస్తున్నారు. ఇటు… ఇటు… అని. పడిపోయారేమో, దెబ్బ తగిలిందేమో అని పోటీ వదిలేసి వచ్చాను.” ఆమె కళ్ళు మళ్ళీ మూసుకుపోతున్నాయి. “మీ గొంతేనన్నయ్యగారూ. నాకు బాగా తెలుసు. ఆ వెటకారం కూడా మీదే… ‘మూడో జెండా దాటావే’ అని నవ్వారు కూడా.”